చుట్టాల పేర్లు రాయ పన్లేదు

1979 నవంబరు పన్నెండు, సోమవారం. పొద్దున ఏడు గంటలకు సంజీవయ్య వరండాలో బల్ల ముందు కూర్చుని రిజిస్టరులో గీతలు గీస్తున్నాడు. పేజీకి తొమ్మిది గడులు. వరుస నంబరు, పేరు, తండ్రి లేక భర్త పేరు, ఊరు, వచ్చిన పని, వచ్చిన సమయం, పోయిన సమయం, సంతకం, రిమార్కులు. లోపల ఆయన భార్య సువార్తమ్మ జొన్నపిండి కలుపుతోంది.

నంద్యాలలో ఆసుపత్రి వెనక సందులో వాళ్ల ఇల్లు. సంజీవయ్య ముప్పై ఒక్క ఏళ్లు మిషన్ బడిలో పాఠం చెప్పి రిటైరయ్యాడు. ఆ తర్వాత ముందువైపు రెండు గదులను రోజు బాడుగకు ఇవ్వడం మొదలుపెట్టాడు. రోగులతో వచ్చినవాళ్లు రెండు రోజులో, వారమో ఉండి పోతారు. సందులో చాలా ఇళ్లవాళ్లు చేసే పనే అది.

ఆ ఏడాది మునిసిపాలిటీవాళ్లు రోజు బాడుగకు గదులిచ్చే ప్రతివాళ్లూ లైసెన్సు తీసుకోవాలన్నారు. ఏటా సున్నం కొట్టించాలి. గదికి కిటికీ ఉండాలి. తలుపు మీద నంబరు వేయాలి. తాగేనీళ్ల కుండకు మూత పెట్టాలి. గదిలో పొయ్యి పెట్టకూడదు. భోజనం పెట్టకూడదు, దానికి వేరే లైసెన్సు. దిగినవాళ్ల పేర్లు రిజిస్టరులో రాసి, సాయంత్రం ఆరు లోపల పోలీసుస్టేషనులో చూపించి ముద్ర వేయించుకోవాలి. ఒక్క సడలింపు ఉంది. ఇంటికి వచ్చిన చుట్టాల పేర్లు రాయ పన్లేదు.

సందు మొత్తం ఆ సడలింపు మీద బతికింది. శానిటరీ ఇన్‌స్పెక్టరు మద్దిలేటి ఏ ఇంటికి పోయినా, గదిలో ఉన్నది చుట్టాలేనని చెప్పేవాళ్లు. పక్కింటి లాల్‌బీ ఇంట్లో నామాలు పెట్టుకున్నవాళ్లు ఇద్దరు కనబడితే, వీళ్లు నీకు ఏ వరుసమ్మా అని అడిగాడు. అన్న వరస సార్ అంది లాల్‌బీ. మీ సందులో ఉన్నంతమంది చుట్టాలు జిల్లాలో యాడా లేరు అని మద్దిలేటి నవ్వుకుంటూ పోయాడు.

సంజీవయ్య మాత్రం చుట్టాలనే మాట అనలేదు. దరఖాస్తు పెట్టాడు. గోడ కొట్టించి రెండో గదికి కిటికీ పెట్టించాడు. లైసెన్సుకు పటం కట్టించి వరండాలో తగిలించాడు. దిగినోళ్లను దిగినోళ్లనే చెప్పాలనేది ఆయన పద్ధతి. సందులో నవ్వారు. ఆయన పట్టించుకోలేదు.

ఏడున్నరకు గుమ్మం ముందు జట్కా ఆగింది. ముందు ఖాజా పీర్ దిగాడు. ఆళ్లగడ్డ బస్టాండు దగ్గర అతనికి దర్జీ అంగడి ఉంది. అతని చెయ్యి పట్టుకుని లూదియా దిగింది. దిగి, బండి చక్రం పట్టుకుని నిలబడి ఊపిరి తీసుకుంది. కాళ్లు వాచి ఉన్నాయి. చెప్పులు చేతిలో పట్టుకుంది.

లూదియా సంజీవయ్యకు ఒక్కతే కూతురు. ఐదేళ్ల కిందట ఖాజా పీర్‌ను పెళ్లి చేసుకుంటానంది. సంజీవయ్య ఒప్పుకోలేదు. ఆమె ఆళ్లగడ్డకు వెళ్లి పెళ్లి చేసుకుంది. ఆ ఆదివారం సంజీవయ్య చర్చిలో పెద్దల ముందు లేచి, ఇక ఆమె తన ఇంట్లో కూతురిగా అడుగు పెట్టదని చెప్పాడు. అన్న మాట వెనక్కు తీసుకోవడం ఆయన ఎరగడు.

లూదియా మెట్టు ఎక్కలేదు. "రూము ఖాళీ ఉందా నాయనా?" అంది.

"ఈడికి ఎందుకొచ్చినావ్?"

"ఆసుపత్రికి. గుండె జబ్బంట. ఐదారు దినాలు సూడల్లన్నారు. దూరం నడిసేకి కాదు." ఆగి మళ్లీ అంది. "బాడుగకే వచ్చినా. సుట్టంగా రాలేదు."

గొంతు విని సువార్తమ్మ పిండి చేతులతోనే బయటికి వచ్చింది. కూతురి ముంజేయి పట్టుకుని లోపలికి లాగింది. లూదియా కదల్లేదు. తండ్రినే చూస్తోంది.

"రెండో నంబరు ఖాళీ ఉంది," అన్నాడు సంజీవయ్య. "రిజిస్టరులో రాయల్ల."

"ఏమయ్యా, కన్నకూతురి పేరు దాంట్లో రాస్తావా?"

"దిగినోళ్ల పేర్లు రాయల్లని రూలు."

"సుట్టాల పేర్లు రాయ పన్లేదని గూడా రూలే. నువ్వే సదివి సెప్తివి నాకు."

"సుట్టంగా రాలేదని ఆయమ్మే సెప్పె. ఇన్యావు కదా."

సువార్తమ్మ చెయ్యి వదిలేసింది. లూదియా ముంజేయి మీద పిండి మిగిలింది. సంజీవయ్య రాశాడు. నలభై ఒకటి. లూదియా. మూడో గడి దగ్గర కలం ఆగింది. తండ్రి లేక భర్త పేరు. ఖాజా పీర్ అని రాశాడు. రిజిస్టరు ఆమె వైపు తిప్పాడు. లూదియా వంగి సంతకం పెట్టింది. దీర్ఘాన్ని పైకి లాగి కొస వంచింది. ఒకటో తరగతిలో పలక మీద ఆయన దిద్దించిన దీర్ఘం అది. ఆయన దాని మీద అద్దుడు కాగితం ఒత్తి, తాళంచెవి ఇచ్చాడు. దానికి రెండు అంకె వేసిన రేకుబిళ్ల ఉంది.

సాయంత్రం స్టేషనులో కానిస్టేబులు ఇమ్మానుయేలు రిజిస్టరు తీసుకున్నాడు. అతనూ సంజీవయ్య దగ్గర చదివినవాడే. రోజూ చూడకుండా ముద్ర వేసేవాడు. ఆ రోజు వేలు పేరు మీద ఆగింది.

"సార్, మన లూదియా కదా ఇది. సుట్టాల పేర్లు రాయ పన్లేదు సార్."

"బాడుగకు దిగినారు. ముద్ర ఎయ్యి."

ఇమ్మానుయేలు కాసేపు ముద్ర చేతిలో పట్టుకుని ఉండి, వేశాడు.

లూదియా రెండో గదిలో ఉంది. పొద్దున ఖాజా పీర్ ఆమెను ఆసుపత్రికి తీసుకుపోయేవాడు. మధ్యాహ్నం మెస్సు నుంచి క్యారియరు తెచ్చేవాడు. డాక్టరు ఉప్పు మానమన్నాడు. మెస్సు కూరలో ఉప్పు తీయడం ఎవరివల్లా కాదు. అన్నంలో నీళ్లు పోసుకుని తినేది. మూడో రోజు సువార్తమ్మ ఉప్పు లేకుండా జావ కాచింది. గిన్నె తీసుకుని వరండా దాటుతుంటే, లైసెన్సు గది మటుకేనని, తిండి పెట్టగూడదని సంజీవయ్య గుర్తు చేశాడు.

"నువ్వు లైసెన్సు తెచ్చుకున్నావు," అంది సువార్తమ్మ. "నేను బిడ్డను కన్నా."

ఆమె గదిలోకి వెళ్లింది. ఆయన రిజిస్టరు వైపు తిరిగి కూర్చున్నాడు. ఆ రోజు నుంచి మూడు పూటలా గిన్నె వరండా దాటింది. ఆయన మళ్లీ ఏమీ అనలేదు, అటు చూడనూ లేదు.

శుక్రవారం సాయంత్రం లూదియా గది ముందు కుర్చీలో కూర్చుంది. ఆయన ఐదడుగుల దూరంలో బల్ల దగ్గర ఉన్నాడు.

"కిటికీ మంచిగ పెట్టించినావు నాయనా," అంది. "గాలి వస్తాంది."

ఆయన సిరాబుడ్డికి మూత పెట్టి, రిజిస్టరు చంకన పెట్టుకుని స్టేషనుకు పోయాడు.

శనివారం పది గంటలకు సంజీవయ్య సున్నం సర్టిఫికెట్టు కోసం మునిసిపల్ ఆఫీసుకు వెళ్లాడు. పదకొండున్నరకు ఖాజా పీర్ ఆసుపత్రి నుంచి పరుగెత్తుకు వచ్చాడు. వెంటనే కర్నూలు తీసుకుపొమ్మన్నారని, కారు కూడా మాట్లాడామని చెప్పాడు. సువార్తమ్మ పెట్టె సర్దింది. తాళంచెవి లూదియా దగ్గరే ఉంది. గదికి ఇంకో తాళంచెవి సువార్తమ్మ దగ్గర ఉంటే దాంతో తీసింది. పెట్టె అతనికి ఇచ్చి, చెప్పులు లేకుండా వెనకే ఆసుపత్రికి పోయింది. ఆమె చేరేసరికి కారు పాణ్యం మీదుగా కర్నూలు దారి పట్టింది.

ఒంటిగంటకు సంజీవయ్య వచ్చాడు. సువార్తమ్మ మెట్టు మీద కూర్చుని ఉంది. జరిగింది చెప్పింది. ఆయన రెండో గదిలోకి తొంగి చూశాడు.

"తాళంచెవి యాడ?" అన్నాడు.

సువార్తమ్మ ఆయన ముఖం వైపు చూసి, లేచి లోపలికి పోయింది. అప్పటి నుంచి పద్నాలుగు రోజులు ఆమె ఆయనతో మాట్లాడలేదు.

నలభై ఒకటో వరుసలో ఏడో గడి, పోయిన సమయం, ఖాళీగా ఉండిపోయింది. పోయేవాళ్లు తాళంచెవి అప్పగించి, తమ ఎదుట సమయం రాయించుకుని, మళ్లీ సంతకం పెట్టాలి. ఆమె లేకుండా ఆయన రాయలేదు. ఆ పేజీ నిండి ఇంకో పేజీ మొదలైంది. రెండో గదిని ఎవరికీ ఇవ్వలేదు. అడిగినవాళ్లకు తాళంచెవి పోయిందని చెప్పాడు. ఇంకో తాళంచెవి లోపల మేకుకు వేలాడుతోంది. లోపల మనిషి ఉన్నట్టే ప్రతి పొద్దునా ఆ గది ముందు కుండలో నీళ్లు మార్చేవాడు. ఒకరోజు కర్నూలు బస్సు వేళలు కనుక్కుని వచ్చాడు. ఎక్కలేదు.

డిసెంబరు పద్నాలుగు, శుక్రవారం. మూడు గంటలకు ఖాజా పీర్ వచ్చాడు. వెంట నాలుగేళ్ల కూతురు షాహజాదీ ఉంది. అతను మెట్టు కింద నిలబడి జేబులోంచి తాళంచెవి తీశాడు. రేకుబిళ్ల మీద రెండు.

"లూదియా పోయింది సార్," అన్నాడు. "రెండో తేదీ. కర్నూల్లో. ఆళ్లగడ్డకు తెచ్చి మట్టి చేసినాం."

సువార్తమ్మ ద్వారబంధం పట్టుకుని కిందికి జారింది. ఆమె ఏడుపు విని లాల్‌బీ గోడ దగ్గరికి వచ్చింది. సంజీవయ్య కుర్చీలోంచి లేవలేదు.

కబురు ఎందుకు పెట్టలేదని అడిగాడు.

"వద్దనె సార్. నాయన రాకపోతే నువ్వు ఆయప్పను తప్పు పడతావు, అది నాకు వద్దు అనె." ఖాజా పీర్ తాళంచెవి బల్ల మీద పెట్టాడు. "ఇది కొంగుకు కట్టుకోని వచ్చేసింది. ఆసుపత్రిలో దినాము అడుగుతాండె. నాయన రిజిస్టరు తప్పు పోతాది, ఇచ్చేసి నా బదులు సంతకం పెట్టి రాపో అనె. యాడ పెట్టల్ల సార్?"

సంజీవయ్య రిజిస్టరు తెరిచాడు. పాత పేజీకి తిప్పాడు. నలభై ఒకటి. ఏడో గడి మీద వేలు పెట్టి, తీసేశాడు.

"బాడుగకు వచ్చినా అని ఎందుకనింది?" అన్నాడు. "అమ్మా నాయనా అని లోపలికి వచ్చింటే నేను మెడ పట్టి గెంటుదునా?"

"నేనూ అదే అంటి సార్. ఇంట్లో కూతురిగా రాగూడదని నాయన చర్చిలో మాటిచ్చినాడు, మాట పోతే ఆయప్ప బతకడు, రూముకు మాట అడ్డం రాదు కదా అనె. మిమ్మల్ని ఒకసారి సూడల్లని ఈ ఆసుపత్రికి వచ్చింది. లేకుంటే మొదలే కర్నూలు పోయేవాళ్లం."

సంజీవయ్య కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఐదు రోజులు ఆ కుర్చీ ఐదడుగుల దూరంలో ఉంది. కిటికీ మంచిగ పెట్టించినావని అంది. అవునమ్మా అనడానికి ఏ రూలూ అడ్డం లేదు. ఆయన ముఖం రెండు చేతులతో కప్పుకున్నాడు. ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో ఆయన ఏడవడం సువార్తమ్మ అప్పుడే చూసింది. ఆమె లేచి వచ్చి ఆయన పక్కన నిలబడింది.

ఖాజా పీర్ కలం కోసం చెయ్యి చాపాడు. "సంతకం సార్."

"నువ్వు పెట్టొద్దు. సార్ అనొద్దు."

ఆయన కళ్లజోడు పెట్టుకున్నాడు. స్కేలు ఆనించి నలభై ఒకటో వరుస మీద ఎర్ర సిరాతో గీత కొట్టాడు. సంతకం దగ్గరికి వచ్చేసరికి స్కేలు ఎత్తి, దీర్ఘాన్ని వదిలేసి, అవతల మళ్లీ గీశాడు. రిమార్కుల గడిలో రాశాడు: "నా కూతురు. రాయకూడదు. రాసినది నా తప్పు. సంజీవయ్య."

షాహజాదీ మెట్టు కిందే నిలబడి ఉంది. సువార్తమ్మ ఆ పిల్లను ఎత్తుకుని గడప దాటింది. పిల్లకు జావ కాస్తూ, ఉప్పు వేసేదా వద్దా అని తెలియక డబ్బా పట్టుకుని పొయ్యి దగ్గర నిలబడిపోయి, తర్వాత వేసింది. ఖాజా పీర్ ఆఖరు బస్సుకు పోతానన్నాడు. సంజీవయ్య అతని సంచి తీసుకుని, బల్ల మీది తాళంచెవితో రెండో గది తెరిచి, సంచి మంచం మీద పెట్టాడు. కిటికీ తలుపులు తీశాడు.

ఐదున్నరకు రిజిస్టరు చంకన పెట్టుకుని స్టేషనుకు నడిచాడు. ఇమ్మానుయేలు పేజీ చూశాడు. ఆ రోజు తేదీ కింద ఏమీ లేదు. వెనక పేజీకి తిప్పి ఎర్ర గీత చూశాడు, రిమార్కు చదివాడు. కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

మళ్లీ ఖాళీ పేజీకి తిప్పుతూ అడిగాడు. "నేను ఇందాక మీ సందు మీదనే వస్తి సార్. రెండో నంబరు తలుపు తీసి ఉండె. ఎవరన్నా దిగినారా?"

సంజీవయ్య బల్ల అంచు పట్టుకున్నాడు.

"సుట్టాలు," అన్నాడు. "అల్లుడు, మనవరాలు. రాయ పన్లేదు."

ఇమ్మానుయేలు ఖాళీ పేజీ మీద ముద్ర వేసి, రిజిస్టరు రెండు చేతులతో ఆయనకు అందించాడు.