రెండు సింకుల వంటిల్లు

ఆదివారం పొద్దున్నే జిస్సెల్ తన అక్క హింద బట్టలు సంచిలో సర్దుతోంది. రెండు ఊలు స్వెట్టర్లు, నాలుగు జతల మేజోళ్ళు, తలకు కట్టుకునే నల్లగుడ్డలు, ప్రార్థన పుస్తకం. పెట్టినవే తీస్తోంది, తీసినవే పెడుతోంది.

"నా కట్టుడు పళ్ళు పెట్టావా, లేకపోతే వాటితో నీకేమైనా పనుందా?" అంది కిటికీ దగ్గర కూర్చున్న హింద.

"పెట్టాను. డబ్బాలో ఉన్నాయి."

"అయితే దిగుల్లేదు. అక్కడ ఎవరైనా పిచ్చివేషాలు వేస్తే కరుస్తాను."

జిస్సెల్‌కి నవ్వు రాలేదు. సంచి సర్దడమంటే ఆమెకి పదహారో ఏటి నుంచీ భయమే. అక్క చెయ్యి పట్టుకుని హంగేరీ దాటిన రోజున అమ్మ ఇలాగే సర్ది, "మీ వెనకే వారంలో వచ్చేస్తాం" అంది. అమ్మని మళ్ళీ కళ్ళతో చూసుకోలేదు. తర్వాత భర్త ఇంతకన్నా చిన్న సంచితో ఆసుపత్రికి వెళ్ళాడు. తన ఎరుకలో సంచి సర్దుకున్నవాళ్ళెవరూ చెప్పిన రోజుకి ఇంటికి రాలేదు.

"రెండు వారాలే కదే. ఆ మొహమేంటి?" అంది హింద.

భర్తలు పోయాక అక్కాచెల్లెళ్ళిద్దరూ పదకొండేళ్ళుగా బ్రూక్లిన్‌లో ఈ మూడో అంతస్తు ఫ్లాటులోనే ఉంటున్నారు. జిస్సెల్ కొడుకు లైబిష్ దీన్ని తీసుకున్నదే వంటింటిని చూసి. ఎడమ పక్క మాంసం సింకు, దాని గట్టు, దాని పొయ్యి. కుడి పక్క పాల సింకు, దాని గట్టు, దాని పొయ్యి. నడుమ పెద్ద అలమర. ఎర్ర పిడి గరిటెలు మాంసానికి, నీలం పిడివి పాలకి. యూదుల మతనియమంలో పాలూ మాంసమూ కలవకూడదు; ఇక్కడ అవి ఒకదాన్నొకటి తాకే పని లేదు. "అత్తయ్యా, ఈ వంటింట్లో కళ్ళు మూసుకుని వండినా తప్పు జరగదు" అని కోడలు పెర్ల్ మొదటిరోజే ముచ్చటపడింది.

అలాంటి వంటింట్లో వసంతంలో వచ్చే పస్కా పండుగ వెళ్ళిన దగ్గర్నుంచి తప్పులు మొదలయ్యాయి. ఒకనాడు పాలగిన్నె మాంసం సింకులో కనపడింది. ఇంకోనాడు కోడి చారులో నీలం గరిటె. ఒకరోజు ఇల్లు ఊడుస్తుంటే హింద మంచం కింద కాగితం సంచిలో ఏడు చెంచాలు దొరికాయి, ఎర్రవీ నీలంవీ కలిసి.

"ఇవేంటక్కా ఇక్కడ?"

"నావే. ఎక్కడివక్కడ పెట్టేస్తాలే. నువ్వు నీ పాటికి ఊడ్చుకో."

ఆ రోజు జిస్సెల్‌కి తేలిపోయింది. అక్కకి మతి తప్పుతోంది. అప్పటి నుంచి అక్క వంటింట్లోకి అడుగుపెడితే చాలు, ప్రాణం గిలగిల్లాడేది. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏమవుతుందో తెలుసు.

కాని దాచినా దాగలేదు. పోయిన వారం సబ్బాతు నాడు, అంటే పనులన్నీ మానుకునే శనివారం, మధ్యాహ్నం లైబిష్, పెర్ల్, పిల్లలూ భోజనానికొచ్చారు. శుక్రవారం సాయంత్రం నుంచి సన్నసెగ మీద ఉడుకుతున్న చిక్కుడు గింజల మాంసం కుండ మూత పెర్ల్ తీసింది. లోపల నీలం పిడి గరిటె. పిల్లలు రొట్టె, దోసకాయ ముక్కలు తిని వెళ్ళారు. ఆ కుండ ఇక పనికిరాదని మతగురువు రబ్బీ చెప్పాడు.

"ఎవరు చేశారిది?" అన్నాడు లైబిష్.

హింద చెయ్యెత్తింది. "నేనేరా. కళ్ళు కనపడి చస్తేగా."

"ఇకమీద పిల్లల్ని ఇక్కడ ఎలా తిననివ్వను అత్తయ్యా?" అంది పెర్ల్. ఆ మాట మెత్తగానే అంది. మెత్తగా అన్నందుకే జిస్సెల్‌కి ఎక్కువ భయమేసింది.

లైబిష్ సముద్రం ఒడ్డున ఉన్న వృద్ధాశ్రమంలో మాట్లాడాడు. రెండు వారాలు ఉంచుకుని డాక్టర్లు చూస్తారు, తర్వాత సంగతి తర్వాత.

పదింటికి అతను వచ్చాడు. "పెద్దమ్మా, సిద్ధమేనా?"

"నేనెప్పుడో సిద్ధం. నీ కారుకే తీరలేదు."

గుమ్మం దగ్గర హింద ఆగి చెల్లెలి చెవిలో, "పాలగిన్నె కుడి పక్క. గుర్తుందిగా?" అంది.

"నాకు చెప్తావేంటక్కా?" జిస్సెల్‌కి మనసు చివుక్కుమంది.

"ఊరికే అన్నాలే" అని హింద మెట్లు దిగింది.

మూడు రోజులు ఇల్లు నిమ్మళంగా ఉంది. బుధవారం పొద్దున్న జిస్సెల్ వంటింట్లోకి వెళ్ళేసరికి ఎడమ సింకులో పాలగిన్నె ఉంది. అంచుకి మీగడ ఎండి అంటుకుంది.

"అక్కా, మళ్ళీ ఏంటే ఇది?" అని విసుగ్గా వెనక్కి తిరిగింది.

కిటికీ దగ్గర కుర్చీ ఖాళీగా ఉంది.

వెళ్ళి వీధి తలుపు చూసింది. లోపలి గొలుసు వేసినట్టే ఉంది. వెనక్కి వచ్చి గిన్నె ముట్టుకుంది. ఇంకా గోరువెచ్చగా ఉంది. కాఫీ ఎప్పుడు తాగిందో జ్ఞాపకం చేసుకోబోయింది. నోట్లో కాఫీ రుచి ఉంది, తాగిన జ్ఞాపకం మాత్రం లేదు.

ఆమె ఆ గిన్నెని కాగితంలో చుట్టి, కిందికి దిగి చెత్తడబ్బాలో పడేసింది. పైకి వస్తూ మెట్ల మీద ఒకటే అనుకుంది. ఈ సంగతి బయటపడితే తన సంచి సర్దుతారు.

సాయంత్రం హింద ఫోన్ చేసింది. "అంతా బాగుందా?"

"బాగుంది."

"నిజంగానే?"

"బాగుందన్నాను కదా."

గురువారం మర్చిపోకుండా కుడి కుళాయికి నీలం రిబ్బను కట్టింది. ముడి మీద ముడి వేసింది. శుక్రవారం పొద్దున్న చూస్తే రిబ్బను ఎడమ కుళాయికి ఉంది. చివర మెలితిప్పి దోపిన ఆ ముడి తనదే. తను తప్ప ఇంకెవరూ అలా వెయ్యరు. ఇంట్లో ఇంకెవరో ఉన్నట్టుంది. ఆ ఇంకెవరో తన చేతులతోనే పని చేస్తున్నారు.

తొమ్మిదింటికి లైబిష్, పెర్ల్ వచ్చారు. లైబిష్ చేతిలో కాగితాలున్నాయి.

"అమ్మా, పెద్దమ్మకి అక్కడే గది ఇస్తామన్నారు. నువ్వు కూడా సరేనంటే సంతకం పెట్టేస్తాను."

"డాక్టర్లేమన్నారు?"

"పెద్దగా ఏమీ చెప్పలేదు. ఏం అడిగినా ఎగతాళి చేస్తోందట. కాని ఆమే ఒప్పుకుంది కదా, తప్పులు తనవేనని."

"వచ్చే సబ్బాతు నుంచి పిల్లలు మళ్ళీ ఇక్కడే తింటారు అత్తయ్యా" అంది పెర్ల్.

సరే అంటే చాలు. వంటిల్లు మిగులుతుంది, మనవలు మిగులుతారు, తను మిగులుతుంది. జిస్సెల్ కొడుకు మొహం కేసి చూసింది. కాగితాల మీద అరచెయ్యి పెట్టి అదిమి పట్టింది.

"పెట్టకు. చేసింది అక్క కాదు. నేను."

"అమ్మా, పెద్దమ్మని వదిలి ఉండలేక కథలు చెప్పకు."

"కథలా? ఇలా రా." కొడుకుని చెయ్యి పట్టి సింకుల దగ్గరికి లాక్కెళ్ళింది. "ఈ రిబ్బను ఎవరు కట్టారు? ఆదివారం నుంచి ఈ ఇంట్లో ఎవరున్నారు? బుధవారం పాలగిన్నె ఒకటి పారేశాను, నీకు తెలియకూడదని. తెలిస్తే నన్నూ పంపేస్తావని."

లైబిష్ రిబ్బను ముడి వేళ్ళతో తడిమి చూసి, కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. పెర్ల్ అత్తగారి పక్కకొచ్చి, ఆమె వేళ్ళని తన చేతుల్లోకి తీసుకుంది. "ఇన్నాళ్ళూ ఒక్కరే భయపడుతూ కూర్చున్నారా?" అంది. ఆమె కళ్ళు నిండాయి.

"నన్ను అక్క దగ్గరికి తీసుకెళ్ళండి. సాయంత్రం సబ్బాతు మొదలయ్యేలోపల వచ్చేయొచ్చు."

హింద గదిలో కిటికీలోంచి సముద్రం కనపడుతోంది. మంచం మీద దుప్పటి కప్పుకుని కూర్చుంది. కాస్త దగ్గుతోంది. చెల్లెలి మొహం చూడగానే అర్థమైపోయింది.

"ఎన్నాళ్ళకి తెలిసింది?"

"నాలుగో రోజుకి."

"రెండో రోజుకే తెలుస్తుందనుకున్నాను. మొద్దువే నువ్వు."

"నీ మంచం కింద ఆ చెంచాలు..."

"నువ్వు తప్పుగా వాడినవే. ఒక రోజంతా ముట్టుకోకుండా ఉంచాకే కదా మరిగే నీళ్ళలో ముంచి శుద్ధి చెయ్యాలి. అందాకా ఎక్కడ దాచమంటావ్, నీ నెత్తి మీదా? రోజూ నీకన్నా ముందు లేచి అన్నీ చూసుకునేదాన్ని. లైబిష్ వాళ్ళ కంట పడింది ఆ కుండొక్కటే."

"చెప్పొచ్చుగా అక్కా. నా బదులు నువ్వెందుకు వచ్చావు?"

"సంచి చూస్తేనే నీకు పై ప్రాణాలు పైనే పోతాయి. నాకు ఆ బాధ లేదు. ఎక్కడికంటే అక్కడికి పోతాను."

జిస్సెల్ అక్క ఒళ్ళో తల పెట్టి ఏడ్చింది. హింద ఆమె తలగుడ్డ సర్దుతూ, "ఊరుకో, కోడలు చూస్తోంది" అంది. చూస్తున్న కోడలూ ఏడుస్తోంది.

"పెద్దమ్మా, ఇక్కడి కాగితాల పని తేల్చుకుని బుధవారం పొద్దున్నే కారు తెస్తాను" అన్నాడు లైబిష్. "తప్పంతా నాది. ఎవర్ని అడగాలో వాళ్ళని సరిగ్గా అడగలేదు."

"రోజూ నేనే వచ్చి వండుతాను. మీరిద్దరూ కూర్చుని నన్ను తిడుతూ ఉండండి" అంది పెర్ల్.

"అదైతే మాకు నేర్పక్కర్లేదు" అంది హింద.

జిస్సెల్ వచ్చేటప్పుడు అక్క చెయ్యి వదలలేదు. హిందే ఒక్కొక్క వేలూ విడదీసింది. "బుధవారమే కదే. ఎన్నో రోజుల్లేదు."

సోమవారం హిందకి దగ్గు ముదిరి ఊపిరితిత్తుల్లోకి దిగింది, జ్వరంతో ఆసుపత్రిలో చేర్చారు. ఆమె మళ్ళీ ఇంటికి రాలేదు. యూదుల సీవాను నెల నాలుగో రోజు, ఆ బుధవారమే పొద్దున్న ఆరున్నరకి పోయింది.