వైరు అవతలి కొస

నారాయణఖేడ్ దాటి కల్హేర్ రోడ్డు ఎక్కగానే కుడిచేతి పక్కన దుర్గేశ్ మెకానిక్ షాపు ఉంటుంది. రేకుల షెడ్డు, ఏళ్ళ తరబడి నూనె తాగి నల్లబడ్డ నేల, మూలన ఓ మంచినీళ్ళ కుండ. అక్కడికి వచ్చేవన్నీ పాలవాళ్ళ బండ్లూ, రైతుల మోపెడ్లూ. వాటి మధ్య ఆ నీలం రేసుబండి నిలబడితే పిలవని పెళ్ళికి పట్టుబట్టలతో వచ్చిన చుట్టంలా ఉండేది. పోటీ ట్రాకు కోసం పుట్టిన బండి అది. రోడ్డు మీద తిరగాలంటే చట్టం ఒప్పుకోదని కంపెనీవాళ్ళు దానికి లైటూ, హారనూ, అద్దాలూ తగిలించి బయటికి వదిలారు.

ఆ బండి నిస్సీది. నిస్సీ ఊళ్ళో ఓ ప్రైవేటు బడిలో ఆటల టీచరు. అంతకు ముందు అది బీదరు నుంచి వచ్చే బస్వరాజ్ అనే కుర్రాడిది. కల్హేర్ రోడ్డులో ఎర్రమట్టి మలుపు దగ్గర పడి, అక్కడికక్కడే పోయాడు. భయపడి మలుపు మధ్యలో యాక్సిలరేటర్ ఒక్కసారిగా వదిలేశాడనీ, అందుకే టైరు జారిందనీ చూసినవాళ్ళు చెప్పారు. ఇంటివాళ్ళు బండిని బాగుచేయించి అగ్గువకు అమ్మజూపితే ఎవరూ ముట్టలేదు. నిస్సీ ముట్టింది.

"సచ్చింది మనిషి. బండి గాదు గదా," అంది.

తల్లి సాలమ్మ నెత్తీ నోరూ కొట్టుకుంది. చివరికి పాస్టరయ్యను పిలిపించి బండి మీద ప్రార్థన చేయించింది. అటుపక్క దుర్గేశ్, ఎందుకైనా మంచిదని, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాడు. రెండు దిక్కులా పని పూర్తయిందని అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

ఆదివారం నాడు హైదరాబాద్ అవతల ట్రాకు మీద ఆడవాళ్ళ పోటీ. నిస్సీ పేరిచ్చింది. ఆమె చిన్నప్పుడు పరుగులో జిల్లా దాకా గెలిచింది. ఆ పైన రాష్ట్రానికి పంపడానికి తోడు వచ్చేవాళ్ళు లేరని ఇంట్లో ఆపేశారు. ఆ మంట ఇప్పటికీ ఆరలేదు. ఈసారి మనుషులే కాదు, ఇంకేది వచ్చి అడ్డం పడినా ఆగేది లేదని తీర్మానించుకుంది.

అడ్డం పడింది.

ఎర్రమట్టి మలుపులో బండి వంగినప్పుడల్లా ఇంజను తనంతట తాను రెచ్చిపోయేది. మొదటిసారి తన చెయ్యే తిరిగిందనుకుంది. రెండోసారి కళ్ళు మణికట్టు మీదే ఉంచింది. చెయ్యి కదల్లేదు, బండి మాత్రం ముందుకు దూకింది. బొటనవేలితో ఎర్ర స్విచ్ నొక్కి ఇంజను ఆపబట్టి బతికింది. మూడోసారి హెల్మెట్ లోపల, చెవి పక్కనే, ఎవరో గుసగుసలాడారు.

"బిడబ్యాడ..."

సరిహద్దు ఊళ్ళల్లో పెరిగిన ఎవరికైనా ఆ కన్నడ ముక్క అర్థమవుతుంది. వదలొద్దు అని.

ఇంట్లో చెప్పడం ఆమె చేసిన తెలివితక్కువ పని. "ఆదివారం లోపల ఇది తేలకపోతే పాత సామానోనికి అప్పజెప్త. నాకు బండి గాదు, బిడ్డ గావాలె," అంది సాలమ్మ. ఆమె అన్నంత పనీ చేసే మనిషి.

నిస్సీ సరాసరి దుర్గేశ్ దగ్గరికి పోయింది. అతను నవ్వలేదు. బండి చుట్టూ తిరిగి, హ్యాండిల్ దగ్గర ఆగాడు. ఈ బండి వంశమంతా అతనికి తన మేనమామల పేర్లకన్నా బాగా తెలుసు.

"ఇను చెల్లె. మొదటి మోడల్ల నాలుగు కార్బొరేటర్లుండె. చలికాలం చోకు గుంజి బతిమాలాల్సి వస్తుండె. తర్వాత పెట్రోలు లెక్కగ చిమ్మే ఇంజెక్షన్ అచ్చింది. అయినా వైరు ఉండె. నువ్వు చెయ్యి తిప్పితే వైరు గుంజుతది, ఇంజను తెరుసుకుంటది. గీ కొత్త మోడల్ల వైరే తీసేసిండ్రు. ఇప్పుడు నువ్వు తిప్పుడంటే ఉట్టిగ అడుగుడే. ఎంత తెరువాల్నో సీటు కిందున్న కంప్యూటర్ పెట్టె చూసుకుంటది."

"అంటే నేను అడుగుతున్న. ఇంకోడు గూడ అడుగుతుండు."

"గదే. నీ చెయ్యికి, ఇంజనుకు నడుమ జాగ ఖాళీగున్నది. గా సందుల జొరబడ్డడు."

"అయితే వైరు పెట్టు."

దుర్గేశ్ హైదరాబాద్ పాత సామాన్ల బజారుకు పోయి అదే బండి పాత మోడలుది వైరూ, దానికి తగ్గ ఇంజెక్షన్ సామానూ, పెట్టెతో సహా తెచ్చాడు. కంపెనీవాళ్ళు ముందుకు తెచ్చిన బండిని వీళ్ళిద్దరూ కూర్చుని ఓ తరం వెనక్కి లాక్కుపోయారు. పని ముగిసేసరికి శనివారం సందెపొద్దయింది. నిస్సీ గ్రిప్పు తిప్పి చూసింది. లోపల స్ప్రింగు బరువు చేతికి తగిలింది. ఆ బరువు ఆమెకు ఎంతో నచ్చింది.

"క్లచ్ మీద వేళ్ళు, ఎర్ర స్విచ్ మీద బొటనవేలు పెట్టుకొని పో," అన్నాడు దుర్గేశ్.

"పెట్ట. ట్రాకు మీద మలుపు మలుపుకు బండి బంద్ జేసుకుంట పోతే గెలుస్తనా? ఇయ్యాల చెయ్యితోనే తేల్చుకుంట."

వాన వెలిసి ఎంతోసేపు కాలేదు. రోడ్డు పక్క మొరం తడిసి ఎర్రటి వాసన వేస్తోంది. కందిచేలు మసకలో కలిసిపోయాయి. గుంటల్లో కప్పలు గొంతు చించుకుంటున్నాయి. హెల్మెట్ అద్దం మీద పురుగులు టపటప కొట్టుకున్నాయి. ఇలాంటి సాయంత్రం బండి నడపడమంటే ఆమెకు ప్రాణం. భయం లేదని కాదు, కడుపులో ఓ మూల ఉంది. ఉండనీ అనుకుంది.

ఎర్రమట్టి గట్టు కనిపించింది. రోడ్డు దాని చుట్టూ ఎడమకు తిరుగుతుంది. అవతల ఏముందో మలుపు దాటేదాకా తెలీదు.

నిస్సీ బండి వంచింది.

కప్పలు ఆగిపోయాయి. అన్నీ ఒక్కసారే.

మొరం వాసన పోయి దవాఖాన వాసన వచ్చింది... నెత్తుటి పట్టీ విప్పినప్పుడు వచ్చేది. హెల్మెట్ లోపలి నుంచే.

గ్రిప్పు కదిలింది.

ఇన్నాళ్ళూ ఇంజను రెచ్చిపోయినా చెయ్యి చెయ్యిలాగే ఉండేది. ఇప్పుడు అలా కాదు. బావిలోకి వదిలిన చేదతాడును కింద ఎవరో పట్టుకున్నట్టు, వైరు అవతలి నుంచి లాగుతున్నారు. మెల్లగా... కుదురుగా... ఆమె మణికట్టు తిరిగిపోతోంది.

అప్పుడు అర్థమైంది ఆమెకు. ఇంతకాలం వాడికి పట్టుకోడానికేమీ లేదు. తామిద్దరూ కూర్చుని, కష్టపడి, వాడి చేతికో తాడు అందించారు.

"బిడబ్యాడ..."

ఎదురుగా చీకట్లో ఏదో గుట్టలా ఉంది. చెరుకు ట్రాక్టరు. వెనక లైటు లేదు. రోడ్డు సగం వరకూ నిండి ఉంది.

ఇంజను అరుస్తోంది. బొటనవేలు స్విచ్ వైపు పోబోయింది. నిస్సీ దాన్ని వెనక్కి తీసుకుంది. పళ్ళు బిగించి, రెండు భుజాల బలమూ ఆ ఒక్క మణికట్టులోకి తెచ్చి, గ్రిప్పును మూసే వైపు తిప్పింది. అవతలివాడు వదల్లేదు.

"బిడబ్యాడ... బిడబ్యాడ..."

"బిడ్తీని!" అని అరిచింది, వాడి భాషలోనే. "నేను వదుల్త! గిది నా బండి, నా చెయ్యి! నువ్వు పడ్డవని నేను పడాల్నా?"

లోపలెక్కడో టక్‌మంది.

ఇంజను చప్పబడింది. బ్రేకు పట్టింది. ముందు చక్రం చెరుకు ఆకులను రాసుకుంటూ ఆగింది. ట్రాక్టరు డ్రైవరు దిగివచ్చి పచ్చిబూతులు తిట్టాడు. ఆ తిట్లు ఆమెకు మంగళవాద్యంలా వినిపించాయి. పగలబడి నవ్వింది. వెనక కప్పలు మళ్ళీ అందుకున్నాయి.

ఇంటిదాకా బండి ఎంత హాయిగా వచ్చిందో చెప్పలేం. గ్రిప్పు తేలిగ్గా, వెన్నలో వేలు తిరిగినట్టు తిరిగింది. దారిలో దుర్గేశ్‌కు ఫోన్ చేసి, "గెలిచిన అన్నా" అని చెప్పింది. తల్లితో కూడా అదే మాట. సాలమ్మ దేవునికి స్తోత్రం చెప్పి, ట్రాకు దగ్గర తినడానికి సద్ది రొట్టెలు చేస్తానంది. బండిని ఇంటి వరండాలో పెట్టి గొలుసు వేసి, నిస్సీ ఒళ్ళు తెలియకుండా నిద్రపోయింది.

తెల్లవారింది. ట్రాకుకు తీసుకుపోయే వ్యానులోకి ఎక్కించే ముందు ఒకసారి చూసిపోతానని దుర్గేశ్ పానాల సంచితో వచ్చాడు. ముసలివాళ్ళు చాయ్ తాగే వేళ, వరండాలో వెలుగు పరుచుకుంది. అతను పెట్రోలు ట్యాంకు పైకెత్తి, లోపలికి వంగి, అలాగే ఉండిపోయాడు.

"ఏంది అన్నా?"

అతను లోపలి నుంచి వైరు కొసను పైకి తీశాడు. ఇంజనుకు తగిలి ఉండాల్సిన కొస. చివర ఉండే సీసపు గుండు తెగిపోయింది. పోగులు విచ్చుకుని ఉన్నాయి.

"ఇది ఎన్నడు తెగింది?"

నిస్సీకి ఆ టక్‌మన్న చప్పుడు గుర్తొచ్చింది. "మలుపు కాడ."

"పాగల్ లెక్క మాట్లాడకు. గిది తెగితే స్ప్రింగు మూసేస్తది. నువ్వు ఎంత తిప్పినా రేస్ ఎక్కదు. ఇంజను ఉట్టిగ గురగురమనుకుంట ఉంటది." దుర్గేశ్ గొంతు తగ్గింది. "మరి మలుపు నుంచి ఇంటిదాక నువ్వెట్ల అచ్చినవ్?"

గ్రిప్పు ఎందుకంత తేలిగ్గా తిరిగిందో నిస్సీకి తెలిసింది. తాను తిప్పినప్పుడల్లా తిప్పినంత మేరకే బండి వేగం పెరిగింది, తగ్గింది. అవతలివాడు ఆమె చెయ్యి చూసి నేర్చుకున్నాడు.

ఒళ్ళు జల్లుమంది. వెనకే కోపం తన్నుకొచ్చింది. కోపమే గెలిచింది.

"కొత్త వైరు తగిలియ్యి. గట్టిది. నేను పోతున్న."

"చెల్లె..."

"పోతున్న అన్న గదా!"

దుర్గేశ్ తెగిన కొసను అరచేతిలో పరుచుకుని చూస్తున్నాడు. ఇద్దరూ ట్యాంకు పక్కనే ఉన్నారు. హ్యాండిల్ దగ్గర ఎవరూ లేరు. సాలమ్మ వంటింట్లో రొట్టెలు కొడుతోంది.

అతని చేతిలోని కొస కదిలింది. మెల్లగా జారుతూ నల్లటి తొడుగులోకి వెళ్ళిపోయింది... ఇవతలి వైపు గ్రిప్పును ఎవరైనా తిప్పితేనే అది అలా పోతుంది.

దుర్గేశ్ రెండో చేతిలోని పానా కింద పడేసి రెండడుగులు వెనక్కి వేశాడు. నిస్సీ వెయ్యలేదు. హ్యాండిల్ దగ్గరికి నడిచి, గ్రిప్పును పిడికిట బిగించి పట్టుకుంది.

"ఇయ్యాల నేనే నడుపుత," అంది మెల్లగా. "నీకు అచ్చేదుంటే ఎనక కూసో."

గ్రిప్పును మూసింది. అది అడ్డు చెప్పకుండా మూసుకుంది. రబ్బరు వెచ్చగా, చెమటతో తడిగా ఉంది. రాత్రంతా దాన్ని ఎవరూ ముట్టలేదు. బండి వెనక, చిన్న సీటు మీది స్పాంజి మెత్త, ఎవరో ఎక్కినట్టు నెమ్మదిగా అణిగింది.