నీటిసాక్షి, రాగిజావ

అదేనే మనవరాలా, అక్కడికే వస్తున్నాను, రాసుకో. అప్పటికి భీమిలి ఎదుట సముద్రం మీద తేలే ఊరొకటి వెలిసింది. ఉప్పునీటిని మంచినీరు చేసుకుని, మేడల మీద రాగులు పండించుకుని జనం బతికేవారు. ఆ కొళాయి నీళ్లంటేనే గవరయ్యకు అనుమానం. తాగిన కాసేపటికే మూత్రానికి పరుగెత్తాల్సి వస్తోంది, అందులో ఏదో కలుపుతున్నారని.

ఆయన గుండె నీరసించి ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరింది. డాక్టర్ హిమజ రాసిన మాత్రలు ముట్టనని మొండికేశాడు. ఆయాసం తగ్గకపోయేసరికి ఆమె పక్కటెముకల సందులోంచి సూదితో కాస్త నీరు తీసి, నీటిసాక్షి అనే యంత్రంలో పోసింది. గుండె చేతగాక ఊరిన నీరైతే పలచన. క్షయలాంటి జబ్బు తెచ్చిన నీరైతే ప్రోటీన్‌తో చిక్కన. ఆ చిక్కదనం చూసే యంత్రం తీర్పు చెబుతుంది. గొంతు విని మనిషి అబద్ధాన్నీ పట్టేస్తుంది.

"నీరు పోయే మాత్రలు వేసుకున్నారా?" అని అడిగింది యంత్రం.

"నానొక్కటీ మింగనేదు."

"నిజమే చెబుతున్నారు. నీరు చిక్కగా ఉంది, గుండె నీరు కాదు. క్షయ కావచ్చు. తేలేదాకా దూరపు పడవలో ఉంచండి."

దూరపు పడవంటే ఊరికి ఎడంగా లంగరేసిన అంటురోగుల ఆసుపత్రి. అయినవాళ్లెవరూ అటు పోకూడదు.

"ఏటే నూకా, ఈ డబ్బా నన్ను సంపేత్తంది!" అని గవరయ్య పెళ్లాం వైపు తిరిగాడు. నూకరత్నం నేలచూపులు చూస్తోంది. "ఏటలా సూత్తావు? నీకేటైనా తెల్సా?"

"జావలో కలిపేదాన్ని మావా. డాక్టరమ్మ రాసిన మాత్రే. నువ్వు మింగవు గదా!"

"అయితే కొళాయి కాదా!"

హిమజ నవ్వు ఆపుకుంది. "పులుసు మరిగితే చిక్కబడదూ? మాత్ర నీటిని మూత్రంలోకి లాగేసింది, ప్రోటీన్ మిగిలింది. రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ ఎంతుందో, ఈ నీటిలో ఎంతుందో పక్కపక్కన పెట్టి చూడు" అంది యంత్రంతో. రక్తంలోనే చాలా ఎక్కువుంది; జబ్బు తెచ్చిన నీరైతే అంత తేడా ఉండదు.

"గుండె నీరే" అంది నీటిసాక్షి. "ఈయన మాట నిజమని మందు సంగతి వదిలేశాను. ఇకమీదట వండేవాళ్లనీ అడుగుతాను."

దూరపు పడవకు పోవడం తప్పింది. మాత్ర చేతికిస్తే మింగుతానని గవరయ్య ఒట్టేశాడు. అయినా మర్నాడు జావ గ్లాసు పట్టుకుని యంత్రం దగ్గరికొచ్చాడు.

"సూడవే, ఇందులో మాత్రుందా?"

"లేదు. ఉప్పు తక్కువ."

తాగబోయి ఆగాడు. గుమ్మంలో నూకరత్నం యంత్రం కేసి చూసి నవ్వుతోంది. దీన్ని కూడా మచ్చిక చేసుకుందా ఏటి?

ఇక్కడ ఆపు. సంతకెళ్లిన మీ నాయనమ్మ నూకరత్నం వచ్చాక ఇదంతా చదివి వినిపించు. ఆవిడ నవ్విందో లేదో వచ్చి నాకు చెప్పు.