పాత సినిమాలో మూడో దెబ్బ

రైలి ఉద్యోగమే పోలికలు పట్టడం. యాభై ఏళ్ళ కిందటి దెయ్యం సినిమాని దర్శకుడు ఎస్కో మళ్ళీ తీస్తున్నాడు, అదీ మక్కీకి మక్కీ. ఫిన్లాండు అడవిలో అదే సరస్సు ఒడ్డున, పాత సినిమా తీసిన, ఆవిరిస్నానాలకి కట్టిన ఆ మసిపట్టిన ఆవిరిగదిలోనే. రైలి ముందు రెండు చిన్న తెరలుంటాయి. ఎడమ తెర మీద పాత సినిమా నలుపు తెలుపుల్లో ఆడుతుంటే, కుడి తెర మీద ఇవాళ్టి షాటు నడుస్తుంది. రెండూ ఒక్కలా ఉంటే ఆమె "కలిసింది" అంటుంది. అప్పుడే ఎస్కో "కట్" అంటాడు. అప్పటిదాకా నటులు ఆగకూడదు, చేసిందే మళ్ళీ మళ్ళీ చేస్తూ ఉండాలి. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం ఎస్కో.

అక్టోబరు మధ్యాహ్నం. కాఫీలయ్యాయి. ఇక మిగిలింది గుమ్మం షాటు.

ఆడమనిషి తలుపు అంచు పట్టుకుని ఆవిరిగదిలోంచి తొంగిచూస్తుంది. మొగుడు తలుపు మీద గొడ్డలితో రెండు దెబ్బలు వేస్తాడు. అంతే, ఆ తర్వాత సరస్సు కనిపిస్తుంది. ఆమెకేమైందో చూపించరు. అది చూపించకపోవడం వల్లే ఒక తరం జనం ఆవిరిగదికి ఒంటరిగా వెళ్ళడానికి జంకారు. ఆ ఆడమనిషి వేషం ఇప్పుడు రైలి కూతురు హిల్లాది. ఇరవై మూడేళ్ళ పిల్లకి ఇదే మొదటి పెద్ద వేషం. ఎస్కో వెంటపడి ఇప్పించింది రైలే.

"అమ్మా, నా జుట్టు కలిసిందా?" గుమ్మంలోంచి హిల్లా నాలుక బయటపెట్టింది.

"జుట్టు కలిసింది. నాలుక కలవలేదు. లోపల పెట్టుకో."

"మీ అమ్మ పెళ్ళిఫొటోలో కూడా తప్పులు పట్టుంటుంది," అన్నాడు మొగుడి వేషం వేస్తున్న వెసా.

"పట్టాను కాబట్టే ఆయన్ని వదిలేశాను," అంది రైలి. అందరూ నవ్వారు.

షాటు మొదలైంది. "కలవలేదు," అంది రైలి. "గొడ్డలి ఎడంచేతిలో ఉండాలి."

"నాది కుడిచేతి వాటం తల్లీ," అని గొణుగుతూనే వెసా చెయ్యి మార్చాడు. ఈసారి రబ్బరు గొడ్డలి తలుపుకి తగిలి బంతిలా ఎగిరింది. పాతదాన్లో అది చెక్కలో దిగబడుతుంది. మళ్ళీ "కలవలేదు." ఎస్కో విసుక్కుని, కట్టెల కుప్ప దగ్గర్నుంచి అసలు గొడ్డలే తెప్పించాడు.

"తలుపు పైభాగాన రెండే దెబ్బలు. కిందికి రానివ్వకు. ఏం కాదు," అన్నాడు.

రైలి అప్పుడే వద్దనాల్సింది. కానీ ముప్పై ఏళ్ళుగా పోలికలు పట్టిన కన్ను ఆ చెక్క చీలడం చూడాలని ఉబలాటపడింది. కన్నతల్లి నోరు మూసుకుని కూర్చుంది.

మొదటి దెబ్బ. చెక్క ఫెళ్ళున చీలింది. లోపల్నుంచి పాతమసి వాసన, తడి బూడిద వాసన గుప్పున కొట్టాయి. రెండో దెబ్బ. రెండు తెరలూ అచ్చుగుద్దినట్టున్నాయి. "కలిసింది" అనబోయింది.

ఎడమ తెర మీద సరస్సు రాలేదు...

ఆ సినిమా ఆమె రెండొందల సార్లు చూసింది. అక్కడ సరస్సు రావాలి. రాలేదు. నలుపు తెలుపుల్లో మొగుడు మూడోసారి గొడ్డలి ఎత్తాడు... దించాడు. తలుపు అంచు మీది చేతి నుంచి రెండు వేళ్ళు తెగి గడప మీద పడ్డాయి.

రైలి కుడి తెర చూసింది. వెసా గొడ్డలి దించుకుని నిలబడ్డాడు. హిల్లా చెయ్యి తలుపు అంచు మీద భద్రంగా ఉంది. రెండు తెరలూ వేరు. అలవాటైన మాట నోట్లోంచి దూకేసింది.

"కలవలేదు!"

ఆ మాట వింటే నటుడు చేసేది ఒకటే. మళ్ళీ చేస్తాడు.

గొడ్డలి దిగింది. హిల్లా వేళ్ళు గడప మీద దొర్లాయి. ఆ కేకకి సరస్సు మీది పక్షులు లేచిపోయాయి. మేకప్‌వాళ్ళ ఎర్రరంగే అనుకున్నారంతా. "అబ్బ, ఏం చేస్తోంది పిల్ల!" ఎస్కో గుసగుసగా మెచ్చుకున్నాడు.

"నా చెయ్యి... నా చెయ్యి ఆగట్లేదు," వెసా ఏడుస్తున్నాడు. ఏడుస్తూనే ఎత్తాడు. నాలుగోది భుజంలో దిగింది. ఎముక విరిగిన చప్పుడు మైకులో స్పష్టంగా వినిపించింది. హిల్లా గడప మీద బోర్లా పడింది. రక్తం మెట్ల మీదుగా జారి ఇసుకలో ఇంకుతోంది.

"ఆపండి!" రైలి అరిచింది. ఎవరూ కదల్లేదు; ఆమె నోట వాళ్ళు వినాల్సిన మాట అది కాదు.

ఎడమ తెర మీద గొడ్డలి మెడకి గురిచూస్తోంది. ఎస్కో ఆమె మొహంలోకి చూశాడు.

"కలిసిందా?"

కలవలేదు. ఏ కోశానా కలవలేదు. ముప్పై ఏళ్ళలో మొదటిసారి రైలి అబద్ధమాడింది.

"కలిసింది! కలిసింది!"

"కట్."

వెసా చేతిలోంచి గొడ్డలి జారిపోయింది.

అంబులెన్సు అడవి దారిన పరుగెడుతోంది. నర్సు హిల్లా భుజానికి గుడ్డలు అదిమిపట్టింది. రైలి కూతురి దెబ్బతగలని చెయ్యి రెండు చేతుల్లో పెట్టుకుని, నా తల్లి బతికితే చాలు, నా తల్లి బతికితే చాలు అనుకుంటోంది. హిల్లా కళ్ళు తెరిచింది. రైలికి ప్రాణం లేచొచ్చింది.

"మాట్లాడకు తల్లీ. అయిపోయింది."

"అమ్మా... లోపల చీకట్లో ఆవిడ నా పక్కనే కూర్చుంది."

"ఎవరమ్మా?"

"పాత సినిమా ఆవిడ. తనకి ఏడు దెబ్బలు పడ్డాయట. మనవి నాలుగే అయ్యాయట."

బండి నెమ్మదించింది. ఆగింది.

"ఎందుకు ఆపావ్?" నర్సు ముందుకి వంగి అడిగింది. డ్రైవరు వైపు తలుపు తెరుచుకుంది. కంకరరాళ్ళ మీద అడుగులు, వాటితోపాటే ఇనుము ఈడ్చుకొస్తున్న చప్పుడు, బండి వెనక తలుపు వైపు వచ్చాయి.

ఆసుపత్రి ఇంకా నలభై కిలోమీటర్లుంది.