జువ్వలదిన్నె ఐసు ప్లాంటులో సర్వర్ మోడ్

వినోద్ తెచ్చిన ప్రోగ్రాం అడిగిన మొదటి ప్రశ్నకే కామాక్షయ్య కుర్చీలోంచి లేచి ఇంట్లోకి వెళ్ళిపోయాడు.

తెర మీద ఉన్నది చిన్న ప్రశ్నే. పడవ పేరు, మనిషి పేరు, వాటి కింద "ఎక్కడికి వెళ్తున్నారు?" అని.

చేపల వేటకు బయలుదేరే మనిషిని ఎక్కడికని ఎవరూ అడగరు. అడిగితే అతను వెనక్కి వచ్చి, కాళ్ళు కడుక్కుని, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయలుదేరాలి. కామాక్షయ్య ఆ రోజు వేటకు పోవడం లేదు. రేవు పక్కన ఐసు ప్లాంటు నడుపుకుంటున్నాడు. కానీ సొంత పడవ ఉన్నవాడు కాబట్టి, ఎందుకైనా మంచిదని నీళ్ళు తాగి వచ్చాడు.

"రేవులో పడవలోళ్ళంతా ఇట్టా వెనక్కి తిరిగి నీళ్ళు తాగతా కూచుంటే మా ఐసు ఎవురు తీసుకపోతారు?" అంది ఆయన కూతురు దుర్గ.

వినోద్ చెవులు ఎర్రబడ్డాయి. అతనిది పులికాట్ సరస్సు పక్క ఊరు. వాళ్ళ నాన్న కూడా వేటకు వెళ్ళేవాడే. చిన్నప్పటి నుంచి తెలిసిన సంగతి ఎలా మర్చిపోయాడంటే, ముత్తుకూరులో లారీల ఆఫీసు కోసం రాసిన ప్రోగ్రాంలోనే పేర్లు మార్చి ఇక్కడికి పట్టుకొచ్చాడు. లారీ డ్రైవర్లు ఎక్కడికని అడిగితే ఏమీ అనుకోరు.

అతను ఆ ప్రశ్న తీసేస్తుంటే, పూర్తిగా పోయిందో లేదో చూడటానికి దుర్గ వెనకాల నిలబడింది. ఆమె జడలోని కనకాంబరాలు తెర అద్దంలో కనిపించాయి. తర్వాత ఏం టైపు చేయాలో వినోద్‌కు కాసేపు గుర్తు రాలేదు.

దుర్గ కావలిలో డిగ్రీ చదివింది. ఆఫీసు గదిలో కూర్చుని, ఏ పడవకు ఎంత ఐసు కావాలో చీటీ రాసిస్తుంది. ఆవరణకు అవతలివైపు ప్లాంటు దగ్గర చిన్నపోలయ్య ఆ చీటీ చూసి ఐసు దించుతాడు. చీటీలు తడిసి చిరిగిపోతున్నాయని, ఇక్కడ రాసింది అక్కడ కనబడేలా రెండుచోట్లా కంప్యూటర్లు పెట్టాలని కామాక్షయ్య అనుకున్నాడు. నెల్లూరులో సుశీల్ కుమార్ అనే ఆయన ఆ పని ఒప్పుకుని, తన దగ్గర పనిచేసే వినోద్‌ను పంపాడు. వేసవిలో మరపడవలకు ఉండే వేట నిషేధం ఎత్తేసే రోజుకల్లా అంతా సిద్ధం కావాలి.

మొదటిరోజు వినోద్ లెక్కలు దాచే డేటాబేస్‌ను మెమరీ మోడ్‌లో పెట్టాడు. ఊరికే చూపించడానికి అదే సులువు. వేగంగా నడుస్తుంది కానీ, కంప్యూటర్ ఆగిపోతే లోపల ఏమీ మిగలదు. ఆ చివరి సంగతి చెప్పకుండానే బస్సెక్కాడు. అతను వెళ్ళాక దుర్గ ఉత్సాహంగా కూర్చుని రేవులోని పడవల పేర్లన్నీ ఎక్కించింది. దీపాలు పెట్టే వేళకు ఆమె అవ్వ మస్తానమ్మ ఎప్పటిలాగే వచ్చి ఆఫీసు గది మెయిన్ స్విచ్ దించేసింది. ఉప్పుగాలికి వైర్లు అంటుకుంటాయని ఆవిడ భయం.

తెల్లవారగానే వినోద్‌కు ఫోన్ వచ్చింది.

"మీరు పెట్టిపోయింది కంప్యూటరా, ఇసక మీద రాతా?" అని దుర్గ అడిగింది.

అది మెమరీ మోడ్ అనీ, మనసులో అనుకున్న మాట నిద్రపోతే మర్చిపోయినట్టు అది కూడా మర్చిపోతుందనీ వినోద్ చెప్పాడు. తాము రోజూ నిద్రపోయి లేస్తున్నా తమ పేర్లు తమకు గుర్తుంటున్నాయని దుర్గ అంది. అతను వెంటనే బస్సెక్కాడు.

ఈసారి డేటాబేస్‌ను డిస్కు మీద పెట్టాడు. దుర్గ పడవల పేర్లు చదువుతుంటే అతనే ఎక్కించాడు. ఒక పడవ పేరు సామ్రాజ్యం. అది పడవ యజమాని భార్య పేరనీ, ఆమెతో గొడవైన రోజుల్లో ఆయన దాన్ని ఉత్త బోటు అంటాడనీ దుర్గ చెప్పింది. ఏ పేరుతో ఎక్కించమంటారని వినోద్ అడిగాడు. ఈ వారం బాగానే ఉన్నారు, సామ్రాజ్యం అనే రాయమంది. ఇద్దరూ నవ్వారు. పేర్లు ఎప్పటికీ అయిపోకపోతే బాగుండునని వినోద్‌కు అనిపించింది.

ఇప్పుడు రాసింది రాసినట్టు ఉంది. చిక్కల్లా ఒకటే. ఆ మోడ్‌లో ఒకసారికి ఒక్కరే డేటాబేస్ తెరవగలరు. దుర్గ తెరిస్తే చిన్నపోలయ్యకు తెరుచుకోదు. చిన్నపోలయ్య తెరిస్తే దుర్గకు రాదు.

"మా ఇంట్లో బాత్రూమ్ మాదిరి," అంది దుర్గ. "ఒకరు లోపలికి పోయి గడియ పెట్టుకుంటే మిగతావాళ్ళు బయట నిలబడాల్సిందే."

డేటాబేస్ గురించి అంత చక్కగా ఎవరూ చెప్పగా వినోద్ వినలేదు.

అతను మళ్ళీ వచ్చేదాకా వాళ్ళే ఒక ఉపాయం కనిపెట్టుకున్నారు. సముద్రం మీద ఒక పడవ వాళ్ళు ఇంకో పడవ వాళ్ళకు తువ్వాలు ఊపి సైగ చేస్తారు. అలాగే చిన్నపోలయ్యకు ఐసు పట్టిక కావాలంటే ప్లాంటు మెట్ల మీద నిలబడి తువ్వాలు ఊపుతాడు. దుర్గ తనది మూసేసి కిటికీలోంచి చున్నీ ఊపుతుంది. అప్పుడు అతను తెరుస్తాడు.

తర్వాతి వారం వినోద్ సర్వర్ మోడ్ పెట్టాడు. ఇందులో ఎవరూ లోపలికి వెళ్ళరనీ, పెళ్ళి భోజనాల్లో వడ్డించేవాళ్ళలాగా సర్వరే లోపల నిలబడి ఎవరు అడిగింది వాళ్ళకు తెచ్చి ఇస్తుందనీ చెప్పాడు. ఇక ఎంతమందైనా ఒకేసారి వాడుకోవచ్చు. ఎప్పుడైనా సర్వర్ లేవకపోతే, సెట్టింగుల్లో ఒక్క మాట మార్చి, ఒక్కరే తెరిచే పాత మోడ్‌లో నడుపుకోవడం కూడా నేర్పాడు. దుర్గ చాలా శ్రద్ధగా నేర్చుకుంది.

"అయితే ఇంక మీరు రానక్కర్లేదు గదా," అంది.

"అక్కర్లేదండీ," అన్నాడు వినోద్.

అతను సంచి సర్దుకోవడానికి మామూలు కంటే చాలా ఆలస్యం చేశాడు.

కానీ మర్నాడే ఫోన్ వచ్చింది, పని చేయడం లేదని. అతను పరుగెత్తుకొచ్చి చూస్తే చక్కగా పని చేస్తోంది. డాక్టరును చూడగానే తగ్గిపోయే జ్వరంలా ఉందన్నాడు. దుర్గ టీ ఇచ్చింది. మరో వారం మళ్ళీ ఫోన్, మళ్ళీ టీ. ఏం చెడుతోందో అర్థం కాక వినోద్ తన పని మీద తనకే నమ్మకం పోగొట్టుకున్నాడు. ఇంకొక్కసారి చెడిందంటే జువ్వలదిన్నెకు ఫ్రెడ్డీ అనే ఇంకో కుర్రాణ్ణి పంపి, అతన్ని శాశ్వతంగా ముత్తుకూరు లారీలకు అంటగడతానని సుశీల్ కుమార్ చెప్పాడు.

దాంతో వేట మొదలయ్యే రోజున ఎవరూ పిలవకుండానే వినోద్ తొలి బస్సులో వచ్చాడు. ఆ రోజు ఏదీ చెడకుండా దగ్గరుండి చూసుకుంటే చాలనుకున్నాడు. సన్నగా జల్లు పడుతోంది. ఐసు కోసం వచ్చినవాళ్ళు ఆఫీసు గది కిటికీ నుంచి రోడ్డు దాకా తడుస్తూ నిలబడ్డారు. అటు ప్లాంటు మెట్ల మీద చిన్నపోలయ్య తువ్వాలు ఊపుతున్నాడు.

వినోద్ ఆగిపోయాడు. సర్వర్ మోడ్‌లో తువ్వాలుతో పనేముంది?

అదే అడిగాడు.

"ఏమో అబ్బయా," అన్నాడు చిన్నపోలయ్య. "నువ్వొచ్చిన దినం తువ్వాలు అక్కర్లా. నువ్వు పోయినాక దుర్గమ్మ మళ్ళీ ఊపమంటాది."

వినోద్ వరుసను దాటుకుని గదిలోకి వెళ్ళాడు. అతన్ని చూడగానే దుర్గ చెయ్యి కీబోర్డు మీద ఆగిపోయింది. మోడ్ ఎవరు మార్చారని అడిగాడు. కరెంటు పోయిందని ఆమె మెల్లగా మొదలుపెట్టింది.

"కరెంటు పోతే కంప్యూటర్ ఆగిపోతుందండీ. సెట్టింగుల్లో మాట మారదు."

దుర్గ తల వంచుకుంది. "సర్వర్ మోడ్ పెడితే మీరు రానక్కర్లేదని మీరే అన్నారు గదా," అంది.

వినోద్‌కు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక భుజాన ఉన్న సంచి దించి బల్ల మీద పెట్టాడు. కిటికీ అవతల తడుస్తున్న పెద్దాయన ఒకాయన, మాటలు తర్వాత మాట్లాడుకోవచ్చు, ముందు ఐసు సంగతి చూడమన్నాడు.

"ఇంకోసారి చెడితే మా సారు ఫ్రెడ్డీని పంపుతాడంట," అన్నాడు వినోద్.

"ఫ్రెడ్డీ ఎవరు?"

"మా ఆఫీసులోనే ఉంటాడు. పనిలో గట్టివాడు. ఒక్కసారి వచ్చి పోతే మళ్ళీ రావాల్సిన పని ఉండదు."

దుర్గ గబగబా సెట్టింగులు తెరిచింది. మాట మార్చి సర్వర్‌ను లేపింది. అతనికంటే ఆమే తొందరగా చేసింది. అవతల చిన్నపోలయ్య తువ్వాలు భుజాన వేసుకుని లోపలికి పోయాడు. ఐసు కదిలింది, వరుస కదిలింది. ఆ పూట రెండు కంప్యూటర్లూ ఒక్కసారి కూడా ఆగలేదు.

పని పూర్తయిందని వినోద్ సుశీల్ కుమార్‌కు ఫోన్ చేసి చెప్పాడు. ఇక జువ్వలదిన్నె వెళ్ళాల్సిన పని లేదని కూడా చెప్పాడు. ఆ మాట వింటూ దుర్గ కిటికీ చువ్వలు తుడుస్తూ నిలబడింది. అవి అప్పటికే శుభ్రంగా ఉన్నాయి.

"రేపు వస్తాను," అన్నాడు ఫోన్ పెట్టేసి.

"ఏం చెడిందని?"

"ఏం చెడకపోయినా."

మర్నాడు నిజంగానే వచ్చాడు. భుజాన మామూలుగా తెచ్చే సంచే ఉంది. ఆవరణలో ఎదురైన కామాక్షయ్య కంగారుపడ్డాడు.

"మళ్ళీ ఏం చెడింది అబ్బయా?"

"ఏం చెడలేదండీ."

"మీ సారు పంపినాడా?"

"లేదండీ."

"మరెందుకొచ్చినావు?"

వినోద్ బస్సులో చాలా మాటలు అనుకుంటూ వచ్చాడు. ఇప్పుడు మాత్రం సంచి పట్టీని అటూ ఇటూ లాగాడు. నేల చూశాడు. ఆకాశం చూశాడు. వెనక్కి పోయే బస్సు వేళ ఎప్పుడో గుర్తు చేసుకోబోతుండగా కిటికీలోంచి దుర్గ గొంతు వినబడింది.

"నేనే రమ్మన్నా నాయనా. ఆయన నాకు ఇష్టం."

ఐసు మోస్తున్న చిన్నపోలయ్య అది చేతుల్లో ఉన్న సంగతి మర్చిపోయి నిలబడ్డాడు. కామాక్షయ్య కూతుర్ని చూశాడు, వినోద్‌ను చూశాడు.

"నీకో?" అని అడిగాడు.

"నాకూనండీ," అన్నాడు వినోద్. ఇంతకంటే పెద్ద మాట అతనికి దొరకలేదు.

కామాక్షయ్య సంచి వైపు వేలు చూపించి, అందులో ఏముందని అడిగాడు. వినోద్ తెరిచాడు. అందులో ల్యాప్‌టాప్ లేదు. నెల్లూరు మలైకాజాల పెట్టె ఉంది.

గడప దగ్గర నిలబడి అంతా వింటున్న మస్తానమ్మ వచ్చి పెట్టె అందుకుంది. అంత దూరం మోసుకొచ్చిన పిల్లోడిని ఎండలో నిలబెట్టి అడగతావేందిరా అని కొడుకును కసిరి, వినోద్‌ను అరుగు మీద కూర్చోబెట్టింది. తను పక్కనే కూర్చుని కాజాలు తినడం మొదలుపెట్టింది.

కామాక్షయ్య అతని ఊరు అడిగాడు. తండ్రి పేరు అడిగాడు. ఆయన పడవ పేరు, అది ఎవరు కట్టిందో కూడా అడిగాడు. అన్నీ విన్నాక తల ఊపాడు. కిటికీలో దుర్గ చున్నీ అంచును నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆదివారం మీ అమ్మను, నాయన్ను తోడుకోని రా," అన్నాడు కామాక్షయ్య. "కూచోని మాట్లాడుకుందాం."

తర్వాత తల్లి ఒడిలోని పెట్టె వైపు ఒకసారి చూశాడు.

"కాజాలు ఇంకో పెట్టె తే. మాయమ్మ నాకు ఒక్కటి కూడా మిగల్చలా."