కుడిచెవిన పడ్డ మాట

ఆ సందు చివరి ఇంటి ముందు దీపాలవేళ ఎవరూ నడవరు. కుక్కయినా చుట్టు తిరిగి పోతుందంటే చూసుకోండి! ఎందుకో నేను విన్నది విన్నట్టు చెబుతా.

ఆ సందంతా ఒకప్పుడు పాతమతం వాళ్లది. మన తాతల తాతలకంటే ముందునుంచీ ఉన్నవాళ్లు. వాళ్ల ప్రార్థన ఎక్కడా రాసి ఉండదు. పోయేవాళ్లు పోతూ పోతూ ఒకరి కుడిచెవిలో చెప్పాలి... అంతే. ఎవరి చెవిన పడితే వాళ్లు, పరాయివాళ్లయినా సరే, రోజూ దీపాలవేళ, ఆ ఇంట్లోనే, పైకి చదవాలి. మళ్లీ ఆ మతంవాళ్లలోనే ఒకరి చెవిన వేసేదాకా విడుదల లేదు.

బుల్డోజర్ అని పేరుపడ్డ కాంట్రాక్టరు ఆ సందు మీద కన్నేశాడు. కొట్టించాడు, తగలబెట్టించాడు, మిగిలినవాళ్లను లారీలెక్కించి ఎటు తోలాడో వాడికే తెలియదు. ఒక్క మంత్రసాని ముసలమ్మ మాత్రం కదల్లేదు. వీడికి బొడ్డు కోసింది కూడా ఆవిడే! విశ్వాసం లేని వెధవ.

ఆ సాయంత్రం ఇంటి దస్తావేజుల కోసం ఒంటరిగా వెళ్లాడు. తలుపు తీసే ఉంది. లోపల చీకటి... మంచం మీద ముసలమ్మ.

"కాగితాలెక్కడే?"

పెదాలు కదిలాయి. మాట వినబడలేదు.

"గట్టిగా చెప్పి ఏడు!"

మళ్లీ కదిలాయి... వంగాడు. ఎడమచెవి పుట్టు చెవుడు. ఆ సంగతి ఆవిడకు తెలియనిదా? కుడిచెవి పెట్టాడు.

అర్థం కాని మాటలు... ఒకదాని వెనక ఒకటి... ఊపిరి మాత్రం చెంపకు తగల్లేదు. లేవబోతే మెడ లేవలేదు. చివరికి ఒక్కటి అర్థమైంది —

"ఇక నీదేరా, అబ్బాయ్."

కెవ్వుమని బయటికి ఉరికాడు. సందు మొగలో కొట్టు కట్టేస్తున్న టైలరు పట్టుకున్నాడు.

"ఏమైంది సార్?"

"ముసల్ది... చెవిలో... ఏదో చెప్పింది..."

టైలరు మొహం పాలిపోయింది. "ఆవిడ పోయి మూడు రోజులైంది సార్. పాతిపెట్టింది నేనే. చెవి పెట్టడానికి తనవాళ్లు ఒక్కరూ లేరని ఏడ్చి ఏడ్చి పోయింది."

మర్నాడు దీపాలవేళకు వాడి కాళ్లు వాటంతటవే అటు నడిచాయి. నోరు దానంతటదే తెరుచుకుంది. అప్పటినుంచీ రోజూ అంతే. పెళ్లాం చొక్కా పట్టి లాగినా ఆగడు. తెల్లారితే మాత్రం, వాళ్లలో ఒక్కరినైనా వెతికి తెమ్మని కనబడ్డవాడి కాళ్లు పట్టుకుంటాడు. ఎక్కడని వెతుకుతారు? ఒక్కరిని మిగిల్చాడా? బాగా అయింది!

అదిగో, దీపాలు పెట్టారు. వినబడుతోందా...? ఏడుస్తూనే చదువుతాడు. ఒక్క మాట తప్పు పోదు.