అంచు మీది పేరు

“ఇది మీ తాతగారి మెడల్ కాదండీ.”

ఇంతకంటే మెత్తగా చెప్పడం నాకు చేతకాలేదు. యుద్ధంలో పదాతి సైనికులకు ఇచ్చిన పతకాలు ఎవరివో తేల్చడమే మా మ్యూజియంలో నా పని. ఆ పతకం తెచ్చి ఎదురుగా నిలబడ్డ నర్సు కళ్లు మాత్రం నన్నే దొంగగా తేల్చేశాయి.

“మా నాయనమ్మ పెళ్లయినప్పట్నుంచీ చూస్తోంది దీన్ని. మీరు ఈ పొద్దున చూశారు. ఎవరి మాట నమ్మాలి?”

“అంచు మాట. ఇన్నాళ్లూ ఫ్రేములో బిగించి ఉంచారు కదా, అందుకే కనబడలేదు.”

భూతద్దం ఇచ్చాను. పతకం అంచు చుట్టూ నంబరూ పేరూ చెక్కి ఉన్నాయి. ఆ పేరు వేరే సిపాయిది. ఆమె మొహం వాడిపోయింది.

“సోమవారం ఎగ్జిబిషన్. తాతయ్య పేరుతో దీన్ని అద్దాల పెట్టెలో చూడాలని నాయనమ్మ కాచుకుని కూర్చుంది. ఇప్పుడేమని చెప్పను, తాతయ్య దొంగ అనా?”

“నేనా మాట అనలేదండీ.”

“మీరు అనక్కర్లేదు. మీ భూతద్దం అంది.”

విసురుగా వెళ్లిపోయింది. బయట జోరు వాన. ఆ కోపంలో తన పసుపు గొడుగు వదిలేసి నా నల్ల గొడుగు పట్టుకుపోయింది.

ఇక నాకు కూర్చుంటే కుదురు లేదు, నిలబడితే తోచదు. కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే, “నేల అరుగుతుందయ్యా” అన్నారు క్యూరేటర్ గారు. నర్సు తాతగారికి కూడా అదే పతకం వచ్చినట్టు రెజిమెంటు రికార్డుల్లో ఉంది. ఆయనదీ, అంచు మీద పేరున్న సిపాయిదీ ఒకే ప్లటూన్. మరి తాతగారి పతకం ఏమైనట్టు? ఆ రెండో సిపాయి కూతురు, రిటైరైన టీచరమ్మ, పక్క ఊళ్లోనే ఉన్నారని తెలియగానే నర్సు పనిచేసే ఆస్పత్రికి పరుగెత్తాను.

“ఇంకెవరి తాతని దొంగని చేద్దామని?” అంది నర్సు.

“రండి, బస్సులో తిడుదురుగాని.”

బస్సులో తిట్టలేదు. నాకు భయమేసింది అందుకే.

“ఒకవేళ తాతయ్య నిజంగానే...” అని ఆగిపోయి, కిటికీ మీద జారే చినుకుల్ని చూస్తూ కూర్చుంది. ధైర్యం చెప్పాలనిపించింది. కానీ తేలని విషయాన్ని తేలినట్టు చెప్పడం నాకు రాదు. జేబురుమాలు ఇచ్చాను.

టీచరమ్మ బీరువాలోంచి పతకం తీయగానే, నర్సు నా చేతిలోని భూతద్దం లాక్కుంది. అంచు మీద ఉన్నది ఆమె తాతయ్య పేరే.

“పొరపాటున తారుమారయ్యాయా అండీ?”

టీచరమ్మ నవ్వారు. “పొరపాటేం కాదమ్మా. దెబ్బ తగిలిన మా నాన్నని భుజాన మోసుకొచ్చింది మీ తాత. ఆ భుజం మీంచే దారి చెప్పింది మా నాన్న. గొప్ప నీదంటే నీదని పోట్లాడుకున్నారట. తగువు తెగక, మెడల్స్ మార్చేసుకున్నారు.”

“అయితే మీది మీకు ఇచ్చేయమంటారా?”

“ఇష్టపడి మార్చుకున్నది తిరిగివ్వకూడదమ్మా. వాళ్లు మళ్లీ పోట్లాటకి దిగుతారు. నాది కూడా తీసుకెళ్లి పక్కనే పెట్టండి.”

సోమవారం రెండు పతకాలూ ఒకే అద్దాల పెట్టెలో పెట్టాం. కార్డు మీద ఇద్దరి పేర్లూ, ఆ మార్పిడి కథా రాశాను. నాయనమ్మ కూడబలుక్కుంటూ చదివింది.

“నాతో ఒక్క ముక్క చెప్పలేదు చూడు ఈయన” అని కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

నేను ఆ మూల నుంచి ఈ మూలకి తిరుగుతున్నాను. నర్సు నా నల్ల గొడుగుతో ఎదురొచ్చింది.

“ఇదిగోండి మీది. నాదేది?”

“ఉంది. ఇవ్వాలని లేదు.”

“ఎందుకో?”

“ఇచ్చేస్తే ఇక మీకు ఇక్కడికి వచ్చే పనుండదు. మీరంటే నాకు ఇష్టం. ఆ వాన రోజు నుంచీ మనసు మనసులో లేదు.”

ఆమె నల్ల గొడుగుని మళ్లీ చంకలో పెట్టుకుంది.

“మార్చుకున్నది తిరిగివ్వకూడదట” అంది.

వెనక నుంచి నాయనమ్మ గొంతు వినిపించింది. “గొడుగుల సంగతి మీ అమ్మానాన్నలతో నేను మాట్లాడతా గానీ, ముందు ఆ అబ్బాయిని కాస్త కూర్చోమనవే. పొద్దుట్నుంచీ వాణ్ణి చూసి చూసి నా కళ్లు తిరుగుతున్నాయి.”

కూర్చున్నాను, ఆమె పక్కనే.